అంబాసిడర్‌కి ఏ కార్బొరేటర్ వేయించాలి? పాత ఎస్‌యూ నుంచి వెబర్ దాకా ఒక పోలిక

"పికప్ చాలట్లేదు, పెద్ద కార్బొరేటర్ వేసేద్దామా?" పాత అంబాసిడర్ ఉన్నవాళ్ళు నలుగురు కలిస్తే టీ చల్లారకముందే ఈ మాట వస్తుంది. మా ఇంట్లో నాన్నగారు కొన్న 1978 మార్క్ 3 ఉంది. ఈ ప్రశ్న మీద నేనూ కొంత డబ్బు తగలేశాను. అందుకే తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

కార్బొరేటర్ అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం. ఎస్‌యూ, వెబర్ అనేవి దాని బ్రాండ్లు. ఇక్కడ రాసేదంతా 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ గురించే. 1990లలో వచ్చిన 1.8 ఇసుజు ఇంజిన్ బండి అయితే లెక్క పూర్తిగా వేరు. డీజిల్ వాళ్ళకు ఈ గొడవే లేదు.

ముందు ఇంజిన్ సంగతి

మన అంబాసిడర్ ఇంజిన్ ఇంగ్లండ్‌లో బీఎంసీ కంపెనీ చేసిన బీ-సిరీస్. బోరు (సిలిండర్ వెడల్పు) 73 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 88.9. ఇదే 1489 సీసీ ఇంజిన్‌ని వాళ్ళు రకరకాల బండ్లలో, రకరకాల కార్బొరేటర్లతో అమ్మారు. కాబట్టి "కార్బొరేటర్ మారిస్తే ఎంత వస్తుంది" అన్న ప్రశ్నకు 70 ఏళ్ళ కిందటే ఫ్యాక్టరీ జవాబు చెప్పేసింది.

మన బండికి తల్లి లాంటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో ఒకే ఎస్‌యూతో ఈ ఇంజిన్ ఇచ్చింది 50 హార్స్‌పవర్‌కి కాస్త పైన. ఎంజీ మ్యాగ్నెట్ జెడ్‌ఏ కారులో 1¼ అంగుళాల (గాలి దారి వెడల్పు) ఎస్‌యూలు రెండు పెట్టారు, 60 వచ్చింది. తర్వాతి జెడ్‌బీలో 1½ అంగుళాలవి రెండు పెట్టి, కంప్రెషన్ (సిలిండర్‌లో మిక్చర్‌ని నొక్కే నిష్పత్తి) కూడా పెంచితే 68. ఎంజీఏ స్పోర్ట్స్ కారులో అలాంటి జంటతోనే 72 దాకా లాగారు.

ఈ మెట్లు చూసి చాలామంది "అయితే జంట కార్బొరేటర్లు పెడితే నాకూ 70 వస్తుందన్నమాట" అనుకుంటారు. రాదు. ఎంజీఏలో కంప్రెషన్ 8.3. మన బండిలో 7 చిల్లర. వాళ్ళ క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) వేరు, వాల్వులు వేరు, సైలెన్సర్ దారి వేరు. ఆ 20 హార్స్‌పవర్‌లో కార్బొరేటర్ వాటా ఒక ముక్క మాత్రమే. మిగతాది హెడ్ (ఇంజిన్ పై భాగం) విప్పితే గానీ రాదు.

అలాగని కార్బొరేటర్ మార్చడం దండగ అని కాదు. 848 సీసీ మినీ కారుకి పెట్టిన 1¼ అంగుళాల సైజే మన 1489 సీసీకీ వచ్చింది. ఊళ్ళో తిరిగేటప్పుడు ఆ సంగతి తెలియదు. హైవే మీద నలుగురిని ఎక్కించుకుని లారీని దాటబోయినప్పుడు తెలుస్తుంది.

ఎంచుకునే ముందు ఏం చూడాలి

మొదటిది గాలి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన సీసీ అంత గాలి పీలుస్తుంది. నిమిషానికి 4,500 చుట్ల దగ్గర లెక్క కడితే 3,350 లీటర్లు. అందులో నిజంగా లోపలికి వెళ్ళేది 80 శాతం అనుకుంటే సుమారు 2,680 లీటర్లు. కార్బొరేటర్ ఇంత గాలిని ఇబ్బంది లేకుండా వదిలితే చాలు. అంతకన్నా పెద్దది పెట్టినా ఇంజిన్ తాగేది మారదు. ఈ ఇంజిన్ క్రాంక్‌కి మెయిన్ బేరింగులు మూడే. ఎంజీఏ కూడా ఆ మూడింటితోనే 5,500 తిరిగింది, కానీ అప్పుడు అది కొత్త ఇంజిన్. రెండుసార్లు బోరు చేయించిన మన ఇంజిన్‌ని అక్కడిదాకా తిప్పాలని ఎవరైనా అంటే నేను బండి దిగిపోతాను.

రెండోది ట్యూనింగ్ చేసే చెయ్యి. ఎస్‌యూ తెలిసిన పాత మెకానిక్ విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కలో వెతికితే ఇంకా దొరుకుతాడు. వెబర్ జెట్లు (పెట్రోల్ వదిలే సన్న రంధ్రాల ముక్కలు) మార్చి సెట్ చేసేవాళ్ళు అరుదు. డైనో (బండి బలం కొలిచే యంత్రం) మీద పెట్టి చేయించాలంటే బెంగళూరో కోయంబత్తూరో చూసుకోవాలి.

మూడోది వేడి. ఈ ఇంజిన్‌లో గాలి లోపలికి వెళ్ళే ఇన్‌లెట్, పొగ బయటికి వచ్చే ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. అంటే కార్బొరేటర్ కూర్చునేది పొయ్యి పక్కన. డిసెంబరులో బానే ఉంటుంది. మే నెలలో, రెంటచింతల ఎండలో, రైల్వే గేటు దగ్గర పది నిమిషాలు ఆగితే పెట్రోల్ పైపులోనే ఆవిరై బండి మొరాయిస్తుంది. ఏ కార్బొరేటర్ పెట్టినా కింద వేడి తగలకుండా రేకు, మధ్యలో మందపాటి బేకలైట్ ప్యాకింగ్ ఉండాల్సిందే.

నాలుగోది పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపినది. మామూలు పెట్రోల్ కిలో మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. దీనికి 13.5 దగ్గర చాలు. అంటే పాత సెట్టింగ్‌తో తిరిగే కార్బొరేటర్ ఇప్పుడు దాదాపు 8 శాతం పలచని (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) మిక్చర్ ఇస్తోంది. బండి బరువెక్కినట్టు, ఎండలో పికప్ చచ్చినట్టు అనిపించడానికి ఇదొక కారణం. కార్బొరేటర్ పాతదైనా కొత్తదైనా నీడిల్ (పెట్రోల్‌ని కొలిచి వదిలే సూది) కాస్త రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువ వదిలేలా, ఉండేది ఎంచుకోవాలి. రబ్బరు పైపులు, ఫ్లోట్ నీడిల్ ఇథనాల్‌ని తట్టుకునేవి వేయించాలి. పాత నల్ల రబ్బరు పైపు మెత్తబడి పగుళ్ళు వస్తే అది ఎగ్జాస్ట్ పక్కనే కారుతుందని మరిచిపోవద్దు.

ఐదోది వెనక్కి తిప్పగలమా అన్నది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, పెద్ద మార్పులు చేయని బండికే ఆ రిజిస్ట్రేషన్. మా బండికి 2028లో 50 నిండుతాయి. కాబట్టి బోల్టులు విప్పి మళ్ళీ పాతది బిగించుకోగలిగే మార్పులే చేయాలని నేను పెట్టుకున్న నియమం. మీ బండి 1980ల తర్వాతదైతే ఈ టెన్షన్ కొన్నాళ్ళు పక్కన పెట్టొచ్చు.

ఉన్న ఎస్‌యూనే బాగు చేయించడం

ఇది పోలికలో అతి చప్పగా కనిపించే దారి. కానీ సగం మంది ఇక్కడే ఆగిపోవచ్చు.

ఎస్‌యూ పనితీరు తేలిక. లోపల ఒక పిస్టన్ ఉంటుంది. ఇంజిన్ ఎంత గాలి లాగితే అంత పైకి లేస్తుంది. దానికి వేలాడే సన్నని నీడిల్ జెట్‌లోంచి అంతే పైకి వచ్చి, అంత పెట్రోల్ వదులుతుంది. అరిగేవి కూడా ఆ రెండే, నీడిల్, జెట్. వాటితో పాటు థ్రాటిల్ స్పిండిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే ఇరుసు) వదులై పక్కనుంచి గాలి లాగుతుంది. స్లో స్పీడ్ నిలవడం లేదని మెకానిక్ మిక్చర్ రిచ్ చేస్తాడు, ప్లగ్గులు నల్లబడతాయి, మైలేజీ పోతుంది. ఆ తర్వాతే "కార్బొరేటర్ మార్చాలి సార్" అన్న మాట పుడుతుంది.

స్పిండిల్ రంధ్రానికి లేత్ మీద కొత్త బుష్ వేయించి, నీడిల్, జెట్, ఫ్లోట్ నీడిల్ మార్చండి. పిస్టన్ గదిని శుభ్రం చేసి డ్యాంపర్‌లో (పిస్టన్ ఎగిరిపడకుండా ఆపే గొట్టం) 20 గ్రేడ్ పలచని నూనె పోయండి. చేతికందిన ఇంజిన్ ఆయిల్ పోసేవాళ్ళున్నారు. దాంతో పిస్టన్ బద్ధకంగా లేచి యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నల్ల పొగ వస్తుంది.

మిక్చర్ సరిచూసుకోవడానికి మీటర్లేవీ అక్కర్లేదు. ఇంజిన్ వేడయ్యాక పిస్టన్‌ని మిల్లీమీటరు కన్నా తక్కువ పైకి లేపండి. వేగం ఒక్క క్షణం పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరిగ్గా ఉంది. పెరుగుతూనే పోతే రిచ్. ఇంజిన్ చచ్చిపోతే పలచన. కింద ఉన్న నట్టుకి ఆరు పలకలు. ఒక్కో పలకే తిప్పి చూడాలి, జెట్ కిందికి దిగితే రిచ్ అవుతుంది.

ఇదంతా చేశాక కూడా చాలకపోతే అప్పుడు పెద్దది అడగండి.

ఒకే ఎస్‌యూ, కాస్త పెద్దది

1¼ నుంచి 1½ అంగుళాల హెచ్‌ఎస్4కి వెళ్తే రంధ్రం వైశాల్యం 44 శాతం పెరుగుతుంది. 1¾ అంగుళాల హెచ్‌ఐఎఫ్44 అయితే దాదాపు రెట్టింపు. చూసుకోండి, రెండు 1¼ ఎస్‌యూల మొత్తం వైశాల్యం సుమారు 15.8 చదరపు సెంటీమీటర్లు, ఒక్క 1¾ ది 15.5. జంట పెట్టి వచ్చే దారి, ఒక్కదానితోనే వచ్చేసింది. ఇంగ్లండ్ వాళ్ళు మోరిస్ మరీనాలో 1798 సీసీ బీ-సిరీస్‌కి ఒక్క 1¾ ఎస్‌యూనే పెట్టి అమ్మారు కూడా.

పెద్దదైతే ఊళ్ళో నెమ్మదిగా వెళ్ళేటప్పుడు పికప్ పోదా? వెబర్‌లో అయితే పోతుంది, ఎస్‌యూలో అంతగా పోదు. కారణం ఆ కదిలే పిస్టనే. అవసరమైనంతే లేస్తుంది కాబట్టి, సైజు కాస్త ఎక్కువైనా కింది వేగాల్లో దారి చిన్నగానే ఉంటుంది. ఎంపికలో తప్పు చేసినా ఎస్‌యూ క్షమిస్తుంది.

ఇన్‌లెట్ మ్యానిఫోల్డ్ (కార్బొరేటర్‌ని హెడ్‌కి కలిపే గొట్టం) నోరు మాత్రం కొత్త సైజుకి లేత్ మీద సరిచేయించాలి, లేదా తగిన మ్యానిఫోల్డ్ వెతకాలి. 1½ కార్బొరేటర్‌ని 1¼ రంధ్రం మీద బిగిస్తే చెరువుకి గొట్టం పెట్టి చెంబుతో పట్టుకున్నట్టే. నీడిల్ కూడా మన ఇంజిన్‌కి తగ్గది కావాలి. నీడిల్ అంటే ఒక సూది అనుకోకండి, ప్రతి 1/8 అంగుళానికి దాని లావు వేరు, వందల రకాలు ఉన్నాయి.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక షాపులో వాడిన 1½ ఎస్‌యూ తెచ్చి, ఏ బండి నీడిలో కూడా చూడకుండా బిగించేశారు. మా వీధిలో బండి గుర్రంలా దూకింది. సంబరపడి అదే వారం హైదరాబాద్ బయల్దేరాను. నందిగామ దాటాక మిస్ కొట్టడం మొదలు. ప్లగ్గులు తీస్తే మసి బొగ్గులు. దారి పొడవునా పెట్రోల్ వాసన, ట్యాంకు ముల్లు నా కళ్ళ ముందే దిగుతోంది. తప్పు కార్బొరేటర్‌ది కాదు. దాని లోపలి నీడిల్ ఇంకేదో ఇంజిన్ కోసం చేసింది. సరైన నీడిల్ పడ్డాక అదే కార్బొరేటర్ ఇప్పటికీ బండి మీద ఉంది.

కొత్తవి కావాలంటే ఇంగ్లండ్‌లో సాల్స్‌బరీలోని బర్లెన్ కంపెనీ ఎస్‌యూలు ఇప్పటికీ తయారుచేస్తోంది. కస్టమ్స్ సుంకం కలిపితే ధర గుండె పట్టుకునేలా ఉంటుంది, కానీ సరైన నీడిల్ వేసి పంపిస్తారు.

జంట ఎస్‌యూలు

బానెట్ ఎత్తగానే రెండు పిస్టన్ గదులు మెరుస్తుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఎంజీ మ్యానిఫోల్డ్ తెప్పిస్తే బీ-సిరీస్ హెడ్‌కి బిగుస్తుంది. కార్బొరేటర్లు ఇంజిన్‌కి ఎడమ పక్క ఉంటాయి కాబట్టి కుడివైపున్న స్టీరింగ్‌తో పేచీ లేదు.

రెండింటినీ సమంగా గాలి లాగేలా సెట్ చేయాలి. చెవికి రబ్బరు గొట్టం పెట్టుకుని రెండింటి చప్పుడూ పోల్చే పాత పద్ధతి బాగానే పనిచేస్తుంది. మూడు నెలలకో ఆరు నెలలకో మళ్ళీ చూసుకోవాలి. స్పిండిళ్ళు రెండు, నీడిళ్ళు రెండు, ఖర్చు రెండింతలు.

హెడ్ ముట్టుకోకుండా జంట పెడితే, ఒక్క పెద్ద ఎస్‌యూ మీద వచ్చే లాభం పెద్దగా తెలియదు. ఎలాగూ ఇంజిన్ విప్పి బోరు చేయిస్తున్నారా? అప్పుడు కథ మారుతుంది. హెడ్ చెక్కించి కంప్రెషన్ 8 దాటించి, మెరుగైన క్యామ్ వేసి, సైలెన్సర్ దారి తెరిస్తే జంటకు అర్థం ఉంటుంది. ఎంజీబీ (ఎంజీఏ తర్వాతి కారు) హెడ్ వేద్దామనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి, దాని పెద్ద వాల్వులు మన 73 మిల్లీమీటర్ల బోరు అంచుకు తగలకుండా ముందే కొలిపించాలి.

వెబర్ 32/36

పైనుంచి కిందికి గాలి దిగే రకం. రెండు నోళ్ళు, 32 మిల్లీమీటర్లది ఒకటి, 36ది ఒకటి. మామూలుగా తొక్కితే చిన్నది, గట్టిగా తొక్కితే పెద్దది కూడా తెరుచుకుంటుంది. పొద్దున్నే ఒక్క పట్టున స్టార్టవుతుంది. యాక్సిలరేటర్ పంపు ఉంది కాబట్టి తొక్కగానే స్పందిస్తుంది. ఇంజిన్ లాగడం మొదలెట్టాక మాత్రం ఎస్‌యూ కన్నా ఎక్కువేమీ ఇవ్వదు, ఎందుకంటే కిందికి దిగిన గాలి వెంటనే పక్కకు తిరగాలి. అడాప్టర్ ఎత్తు, ఎయిర్ ఫిల్టర్ ఎత్తు కలిపి బానెట్ కింద కొలుచుకోండి. నకిలీలు ఎక్కువగా తిరిగే మోడల్ కూడా ఇదే. రోజూ నడిపేవాళ్ళకు పనికొచ్చే దారే గానీ, హార్స్‌పవర్ కోసం కాదు.

వెబర్ 45 డీసీఓఈ

రేసు బండ్ల మీద కనిపించే రెండు నోళ్ళ పక్క కార్బొరేటర్. ఆ శబ్దం వింటే మనసు ఆగదు, ఒప్పుకుంటాను. కానీ ఈ ఇంజిన్ మీద అది సగం బలమే చూపిస్తుంది.

డీసీఓఈ గొప్పదనం ఒక్కో సిలిండర్‌కి ఒక్కో నోరు ఇవ్వడంలో ఉంది. బీ-సిరీస్ హెడ్‌లో నాలుగు సిలిండర్లకు ఇన్‌లెట్ దారులు రెండే. ఒకటీ రెండూ కలిసి ఒక దారి, మూడూ నాలుగూ కలిసి ఇంకొకటి. ఫైరింగ్ వరుస (సిలిండర్లు పనిచేసే క్రమం) 1-3-4-2. అంటే ఒక దారిలో రెండు సిలిండర్లు వెంటవెంటనే పీల్చి, తర్వాత చాలాసేపు ఊరుకుంటాయి. ఎంత ఖరీదైన కార్బొరేటర్ తగిలించినా ఆ అసమానం పోదు.

పైగా దానికి పెట్రోల్ ఒత్తిడి 3 పీఎస్‌ఐ దాటితే పొంగుతుంది, రెగ్యులేటర్ కావాలి. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) వ్యాక్యూమ్ పైపుకి చోటుండదు, అది తీసేస్తే హైవే మైలేజీ పడిపోతుంది. చోక్ ట్యూబులు, మెయిన్ జెట్లు, ఎయిర్ జెట్లు, ఎమల్షన్ ట్యూబులు, అన్నీ విడివిడిగా కొని డైనో మీద సెట్ చేయాలి. పొల్యూషన్ పరీక్షలో పాత పెట్రోల్ కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. స్లో స్పీడ్‌లో రిచ్‌గా ఉండే డీసీఓఈతో ఆ రోజు చెమటలు పడతాయి.

మారుతి కార్బొరేటర్ సలహా

ఎక్కడో ఒక మెకానిక్ ఈ మాట అంటాడు. 796 సీసీ ఇంజిన్ కోసం చేసిన దాన్ని 1489కి పెడితే మైలేజీ గురించి మాట్లాడొచ్చు, పికప్ గురించి మాట్లాడకూడదు.

ఒక చూపులో

| ఎంపిక | పై వేగాల్లో లాభం | ట్యూనింగ్ | వేడి ఇబ్బంది | ఖర్చు | వెనక్కి తిప్పడం |
|---|---|---|---|---|---|
| పాత ఎస్‌యూ బాగు చేయడం | పోయింది తిరిగి వస్తుంది | తేలిక | పాతదే | తక్కువ | అవసరమే లేదు |
| ఒకే 1½ ఎస్‌యూ | కొంచెం, తెలిసేంత | తేలిక, నీడిల్ ముఖ్యం | పాతదే | మధ్యస్తం | మ్యానిఫోల్డ్ విడిగా ఉంటే సులువు |
| ఒకే 1¾ ఎస్‌యూ | హెడ్ పని చేయిస్తేనే పూర్తిగా | తేలిక, నీడిల్ ముఖ్యం | పాతదే | మధ్యస్తం | సులువు |
| జంట 1½ ఎస్‌యూ | హెడ్, క్యామ్ తోడైతే బాగా | ఓపిక కావాలి | రేకు తప్పనిసరి | ఎక్కువ | సులువు |
| వెబర్ 32/36 | స్వల్పం | మధ్యస్తం | కాస్త ఎక్కువ | మధ్యస్తం | సులువు |
| వెబర్ 45 డీసీఓఈ | రేసు ఇంజిన్ మీదే | కష్టం, డైనో | రేకు తప్పనిసరి | చాలా ఎక్కువ | కష్టపడాలి |

మీరు ఎవరైతే ఏది

ఆదివారాలు పిల్లల్ని ఎక్కించుకుని గుడికో సముద్రానికో వెళ్ళేవాళ్ళయితే ఉన్నది బాగు చేయించి, ఇగ్నిషన్ టైమింగ్, టాపెట్లు (వాల్వుల సందు) సరిచేయించండి. మిగిలిన డబ్బు బ్రేకులకి పెట్టండి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న బండికి ముందు కావాల్సింది ఆగడం.

హైవే ఎక్కువ తిరిగేవాళ్ళకు, ఇంజిన్ కంప్రెషన్ నాలుగు సిలిండర్లలో సమంగా ఉంటే, ఒకే 1½ ఎస్‌యూ. నా ఓటు దీనికే. నిజంగా అవసరమో కాదో తేల్చుకోవాలంటే బండిని డైనో మీద ఫుల్ థ్రాటిల్‌లో నడిపిస్తూ, ఎయిర్ ఫిల్టర్ తీసి ఎస్‌యూ నోటి ఎదురుగా ఫోన్ కెమెరా పెట్టండి. గరిష్ఠ వేగం రాకముందే పిస్టన్ పూర్తిగా పైకి తగిలిపోతే కార్బొరేటర్ చిన్నదని అర్థం. ఇంకా లేవడానికి చోటుంటే దాన్ని మార్చి లాభం లేదు, లోపం ఇంకెక్కడో ఉంది.

ఇంజిన్ విప్పి ఉన్నవాళ్ళకు జంట, లేదా ఒక్క 1¾. షోలకి తీసుకెళ్ళి బానెట్ ఎత్తి చూపించాలనే సరదా ఉంటే జంట. చూపించేది లేకపోతే 1¾, సగం తలనొప్పితో దాదాపు అదే ఫలితం.

75 హార్స్‌పవర్ కావాల్సిందే అనేవాళ్ళకు ఒక మాట. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళకే అంత కావాల్సి వచ్చినప్పుడు కార్బొరేటర్ మార్చలేదు, ఇంజిన్ మార్చి 1.8 ఇసుజు పెట్టారు.

ఏది పెట్టినా తీసిన పాత కార్బొరేటర్‌ని, దాని మ్యానిఫోల్డ్‌ని, చోక్ తీగతో సహా పారేయకండి. పాత ఇనుములో ఇస్తే వందో రెండొందలో వస్తాయి. మాది నూనె గుడ్డలో చుట్టి అటక మీద బియ్యం డబ్బా పక్కన ఉంది. 2028లో దింపాలి.